లెక్క ఎవరి ఎదుట? – వ్యాపార సంస్థల సుస్థిరత నివేదికలపై ఒక దైవశాస్త్ర విమర్శ

ఈ వ్యాసములో మేము విమర్శకు తీసుకొన్నది ఒక గ్రంథకర్త వ్రాసిన పుస్తకము కాదు. మన దేశములోని పెద్ద కంపెనీలు ప్రతి సంవత్సరము తమ వార్షిక నివేదికతో కలిపి ప్రచురించే ‘వ్యాపార బాధ్యత మరియు సుస్థిరత నివేదిక’ను మేము పరిశీలిస్తున్నాము. ఆంగ్లములో దానిని పొడి అక్షరాలతో బి.ఆర్.ఎస్.ఆర్. అంటారు. పాస్టరు చేతికి ఇటువంటి కాగితము రావడము అరుదు. మా చేతికి వచ్చిన విధము ముందుగా చెప్పడము న్యాయమని తోచుచున్నది.

మేము పరిచర్య చేయుచున్న సంఘము ఒక పారిశ్రామిక వాడ ప్రక్కన ఉన్నది. సభ్యులలో చాలామంది అక్కడి కంపెనీలలోనో, వాటికి విడిభాగములు చేసియిచ్చే చిన్న షెడ్లలోనో పని చేస్తారు. కొన్ని సంవత్సరముల క్రితము ఒక పెద్ద కంపెనీ మా వీధికి మంచినీటి ప్లాంటు కట్టించి యిచ్చింది. ప్రారంభోత్సవమునకు మమ్మును పిలిచి ప్రార్థన చేయమన్నారు, చేశాము. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు. 2023లో ఆ కంపెనీ ఆఫీసులో పని చేసే మా సభ్యుడొకడు నివేదిక ప్రతిని తెచ్చి, “అయ్యగారూ, మీ ఫోటో పడింది చూడండి” అని సంతోషముగా చూపించాడు. నిజమే. కళ్ళు మూసుకొని చేతులెత్తి నిలిచిన మా ఫోటో, దాని క్రింద స్థానిక ప్రజలతో కంపెనీకి ఉన్న సత్సంబంధములను గూర్చి రెండు వాక్యములు. ఆదివారము ఆరాధన తరువాత నలుగురూ దానిని తిరగవేస్తుండగా ఒక సహోదరి అడిగింది: “మా ఆయన వేళ్ళ సంగతి ఇందులో ఎక్కడ వేశారండీ?”

ఆమె భర్త ఆ కంపెనీకి రేకు భాగములు కొట్టియిచ్చే షెడ్డులో ప్రెస్సు మీద పని చేస్తూ అంతకు ముందటి ఏడు కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకొన్నాడు. ఆసుపత్రి ఖర్చు షెడ్డు యజమాని కొంత భరించాడు, మిగిలినది అప్పు. మేము పేజీలు తిప్పి చూశాము. కార్మికుల భద్రతను గూర్చిన పట్టికలో తీవ్రమైన గాయముల ఎదుట సున్న ఉన్నది. ఆ సున్న అబద్ధము కాదు. షెడ్డు వేరు, కంపెనీ వేరు. నివేదిక అడిగినది కంపెనీ లోపలి లెక్క మాత్రమే. మేము ఆమెకు అప్పుడు ఏమీ జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసము ఆ ప్రశ్న వెంట వెళ్ళిన మా చదువు.

ఒక పాస్టరు వ్రాసిన ఆరు సూత్రములు

వ్యాపారము తన నడవడిని గూర్చి సమాజమునకు లెక్క చెప్పాలనే తలంపు మార్కెట్టులో పుట్టినది కాదు. దాని పుట్టుకలో సంఘమునకు భాగమున్నది. ఇది మన వేదాంత కళాశాలలలో బోధించబడుట మేము వినలేదు. 1971లో అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘము తనకున్న వాటాల హక్కుతో జనరల్ మోటార్స్ కంపెనీ దక్షిణాఫ్రికాలో వ్యాపారము మానవలెనని తీర్మానము పెట్టింది. అదే సంవత్సరము ఫిలడెల్ఫియాలోని జియోన్ బాప్టిస్టు సంఘ కాపరి లియోన్ సల్లివన్ అదే కంపెనీ డైరెక్టర్ల బోర్డులో చేరాడు. అంత పెద్ద కంపెనీ బోర్డులో కూర్చున్న మొదటి నల్లజాతీయుడు ఆయనే.

దక్షిణాఫ్రికాలో ఆనాడు వర్ణవివక్ష చట్టమై యున్నది. 1977లో సల్లివన్ అక్కడ వ్యాపారము చేసే అమెరికా కంపెనీలకు ఆరు సూత్రములు వ్రాశాడు. భోజనశాలలలోను మరుగుదొడ్లలోను రంగు భేదము ఉండరాదు. ఉద్యోగ నియమములు అందరికీ ఒకటే కావలెను. సమానమైన పనికి సమానమైన జీతము. నల్లజాతీయులకు శిక్షణ. పై ఉద్యోగములలో వారి సంఖ్య పెంచుట. చివరిది, ఫ్యాక్టరీ వెలుపల వారి ఇండ్లు, బడులు, ఆరోగ్యము మెరుగుపరచుట. మొదట పన్నెండు కంపెనీలు సంతకము చేశాయి, తరువాత ఆ సంఖ్య వంద దాటింది. అవి ఏటా నివేదిక పంపేవి. ఆర్థర్ డి. లిటిల్ అనే సలహా సంస్థ వాటిని చదివి, ‘మంచి పురోగతి’, ‘పురోగతి’, ‘ఇంకా చురుకు కావలెను’ అన్న రీతిగా తరగతులు వేసేది. నేటి సుస్థిరత నివేదికలకు, రేటింగులకు ఉన్న అవయవములన్నీ ఇందులో కనిపిస్తున్నాయి: సూత్రములు, పట్టికలు, బయటివారి పరిశీలన, మార్కులు.

మేలు జరగలేదని మేము అనము. ఆ ఫ్యాక్టరీలలో భోజనపు బల్లలు కలిశాయి, జీతములు కొంత సరియయ్యాయి. అయితే ఆ బల్ల దగ్గర తెల్లవానితో కలిసి తిన్న కార్మికుడు సాయంకాలము తన జాతికి చట్టము కేటాయించిన వాడకే తిరిగి వెళ్ళవలెను. అతనికి ఓటు లేదు. బిషప్ డెస్మండ్ టుటు ఈ సూత్రములను అంగీకరించలేదు. అవి వ్యవస్థను కూల్చుటకు కాక, దానిని భరించదగినదిగా చేయుటకే పనికి వస్తాయని ఆయన వాదన. మంచి మార్కులు తెచ్చుకొన్న కంపెనీకి ఆ దేశములో ఉండుటకు ఒక యోగ్యతా పత్రము దొరికినట్లయింది.

తాను వ్రాసిన సూత్రములపై వచ్చిన ఈ విమర్శను సల్లివన్ విన్నాడు. 1984లో సూత్రములను విస్తరించి, వివక్ష చట్టముల రద్దుకు కంపెనీలు బహిరంగముగా పాటుపడవలెనన్నాడు. 1985లో రెండు సంవత్సరముల గడువు పెట్టాడు. గడువు తీరినను చట్టములు తీరలేదు. 1987 జూన్‌లో, పదేళ్ళు తన పేరుతో నడిచిన పద్ధతి చాలలేదని ఆయనే ప్రకటించి, అమెరికా కంపెనీలు దక్షిణాఫ్రికా విడిచి వెళ్ళవలెననీ, ప్రభుత్వము ఆంక్షలు విధించవలెననీ కోరాడు. తన పేరుతో పిలువబడే కార్యక్రమము చాలదని బహిరంగముగా ఒప్పుకొన్న కాపరులు ఎందరో మాకు తెలియదు. ఆయన సూత్రములకంటె ఆ ఒప్పుకోలే మాకు పెద్ద పాఠముగా కనిపించినది.

తరువాతి చరిత్ర క్లుప్తముగా: 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి చమురు ఒలికిన తరువాత పర్యావరణ సంస్థలు, మదుపుదారులు కలిసి కంపెనీలకు నియమములు వ్రాశారు. వారి కూటమి చొరవతోనే 1997లో బోస్టనులో జి.ఆర్.ఐ. అనే సంస్థ ఏర్పడి, 2000లో నివేదికలకు మొదటి మార్గదర్శకములు ఇచ్చింది. నేడు లోకమంతట కంపెనీలు దాని నమూనాను వాడుతున్నాయి.

మన దేశపు పత్రము

మన దేశములో 2011లో కేంద్ర ప్రభుత్వము స్వచ్ఛంద మార్గదర్శకములు ఇచ్చింది. 2012లో సెబీ మార్కెట్టు విలువలో మొదటి వంద లిస్టెడ్ కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వవలెనని ఆదేశించింది. 2021లో నమూనాను పూర్తిగా మార్చి, 2022-23 ఆర్థిక సంవత్సరము నుండి మొదటి వెయ్యి కంపెనీలకు దానిని తప్పనిసరి చేసింది. నీతి, కార్మికుల క్షేమము, మానవ హక్కులు, పర్యావరణము మొదలైన తొమ్మిది సూత్రముల క్రింద ప్రశ్నలు ఉంటాయి.

మేము దానిని చులకన చేయుటకు చదవలేదు. చదువుచుండగా కొన్ని చోట్ల ఆశ్చర్యపడ్డాము. పురుషుల మధ్యస్థ జీతమెంత, స్త్రీలదెంత? కనీస వేతనముతో సరిగా ఆగిపోయినవారు ఎందరు, అంతకంటె ఎక్కువ పొందినవారు ఎందరు? శాశ్వత కార్మికులెందరు, కానివారెందరు? ఎంత నీరు తోడారు? లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని? ఇరువది సంవత్సరముల క్రితము ఒక యూనియను నాయకుడు ఈ ప్రశ్నలు అడిగితే గేటు బయట నిలబెట్టేవారు. నేడు ప్రభుత్వ సంస్థ అడుగుచున్నది, కంపెనీ వ్రాసి యిచ్చుచున్నది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఈ పత్రము ఎవరికి వ్రాయబడినది? విమర్శకుడు ఏ గ్రంథమునకైనా మొదట వేయవలసిన ప్రశ్న ఇది. పౌలు పత్రికలను మనము అట్లే చదువుతాము గదా. ఈ నివేదిక స్టాకు ఎక్స్ఛేంజికి సమర్పించబడుతుంది. మేము చూచినవన్నీ ఆంగ్లములో ఉన్నాయి. దానిని చదివేవాడు మదుపుదారుడు. కార్మికుడు, ప్రక్క ఊరివాడు అందులో ఉన్నారు గాని, చదువరులుగా లేరు. నాలుగవ సూత్రము క్రింద ఒక పట్టిక ఉన్నది: కంపెనీతో సంబంధమున్న వర్గముల పేర్లు, ఆ వర్గము బలహీనమైనదా కాదా, దానితో మాట్లాడే మార్గమేది, ఎంత తరచుగా. ‘అవును’, ‘కాదు’ అని వ్రాసేది కంపెనీయే. మా ఫోటో ఆ మాట్లాడే మార్గములలో ఒకటిగా లెక్కకు వచ్చింది కాబోలు. మరియొక చోట వర్గములవారీగా ఫిర్యాదుల సంఖ్య అడుగుతారు. మేము చదివిన నాలుగైదు నివేదికలలో స్థానిక ప్రజల ఫిర్యాదుల ఎదుట సున్నయే ఉన్నది. ఫిర్యాదు చేయుటకు ఇచ్చినది ఈమెయిలు చిరునామా. వేళ్ళు పోయినవాని భార్య దానిని ఎట్లు వాడవలెనో వ్రాసినవారు ఆలోచించినట్లు లేదు.

షెడ్ల సంగతి సెబీకి తెలియనిది కాదు. 2023లో పెద్ద కంపెనీలు తమకు సరకు యిచ్చేవారి లెక్క కూడా చెప్పవలెనని నియమము తెచ్చారు. కంపెనీలు భారమన్నాయి. 2025లో అది ఐచ్ఛికమైపోయింది. మా సహోదరి ప్రశ్నకు జవాబు రాగల ఒకే ఒక్క గడి, నింపినా నింపకపోయినా ఫరవాలేదనే గడియైనది.

పరిసయ్యుని నివేదిక

దేవాలయమునకు వెళ్ళిన ఇద్దరిని గూర్చిన ఉపమానమును (లూకా 18:9-14) మనము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఈ నివేదికలు చదివిన తరువాత పరిసయ్యుని ప్రార్థన మాకు వేరుగా వినిపించింది. అతడు చెప్పినది నివేదికయే. వారమునకు ఎన్ని ఉపవాసములో సంఖ్య ఉన్నది. రాబడిలో ఎంత శాతము ఇచ్చాడో ఉన్నది. ఇతరులతో పోలిక ఉన్నది. అందులో అబద్ధమున్నదని యేసు అనలేదు. కొలమానములను అతడే ఎంచుకొన్నాడు, పోల్చుకొనుటకు ప్రక్కనున్న సుంకరిని కూడా అతడే ఎంచుకొన్నాడు. అతనివలన నష్టపోయిన వాడెవడైనా ఉన్నాడా అనే గడి ఆ ప్రార్థనలో లేదు.

సంఖ్యలే అబద్ధమైన సందర్భము మన తెలుగువారికి బాగా తెలుసు. హైదరాబాదు కేంద్రముగా నడిచిన సత్యం కంప్యూటర్స్ 2008లో కార్పొరేటు పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారము అందుకొన్నది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు లెక్కలు తారుమారు చేసినట్లు లేఖ వ్రాశాడు. వేల కోట్ల రూపాయలు కాగితము మీద మాత్రమే ఉన్నాయి. పురస్కారము వెనుకకు తీసుకొన్నారు, 2015లో కోర్టు శిక్ష వేసింది. ఆనాడు మన పులుపిటల మీద దానిని గూర్చి ఎంతో బోధించాము. కాని దొంగ లెక్కను ఖండించుట తేలిక. దానిని పట్టుకొనుటకు ఆడిటర్లు, కోర్టులు ఉన్నారు. నిజమైన లెక్క పెట్టి అన్యాయమును దాని బయట ఉంచితే పట్టుకొనేవాడెవడు?

విశాఖపట్నము ప్రక్కన ఆర్.ఆర్. వెంకటాపురమును తలచుకొనవలెను. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. పన్నెండుమంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నత స్థాయి కమిటీ జూలైలో ఇచ్చిన నివేదికలో యాజమాన్యపు నిర్లక్ష్యమును ఎత్తిచూపింది. ఊరిని లేపవలసిన సైరను మ్రోగలేదని కూడా చెప్పింది. ఆ కంపెనీ మన స్టాకు మార్కెట్టులో లేనిది, గనుక సెబీ పత్రము దానికి వర్తించదు. దాని మాతృసంస్థ కొరియాలో ఉన్నది, సుస్థిరత నివేదికలు ప్రచురిస్తూనే ఉన్నది. సియోలులోని పుస్తకమునకు, వెంకటాపురములోని ట్యాంకునకు మధ్య ఎంత దూరమో ఆ ఉదయము తెలిసింది.

అర్పణకు ముందు

లేవీయకాండము 6:1-7లో ఒక వరుస ఉన్నది. పొరుగువానిని మోసపుచ్చినవాడు, అతనియొద్ద బలవంతముగా తీసికొన్నవాడు మొదట అసలు సొమ్ము, దానిపై అయిదవ వంతు, సొంతదారునికి తిరిగి ఇయ్యవలెను. అపరాధ పరిహారార్థబలి ఆ తరువాత యాజకునియొద్దకు రావలెను. పొట్టేలుతో మొదలుపెట్టి సొంతదారుని మరచిపోవుటకు ధర్మశాస్త్రము అవకాశమివ్వలేదు. యేసు కూడా కొండమీద ప్రసంగములో అర్పణను బలిపీఠము ఎదుటనే విడిచి, ముందు సహోదరుని యొద్దకు పొమ్మన్నాడు (మత్తయి 5:23-24).

2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ గత మూడేళ్ళ సగటు లాభములో రెండు శాతము సమాజ సేవకు ఖర్చు చేయవలెను. దీనినే సి.ఎస్.ఆర్. అంటున్నాము. మా నీళ్ళ ప్లాంటు ఆ సొమ్ముతో కట్టినదే. వేదాంత భాషలో అది అర్పణ. నివేదికలో అర్పణకు రంగుల పేజీలు ఉన్నాయి. తిరిగి చెల్లింపునకు పేజీ లేదు. ఎవరికి ఏమి బాకీ ఉన్నాము, ఎవరి నీటిని చెడగొట్టాము, ఎవరి వేళ్ళ మీద మా ధర తగ్గింది అని అడిగే గడి తొమ్మిది సూత్రములలో ఎక్కడా స్పష్టముగా కనిపించలేదు.

జక్కయ్య సంగతి ఇక్కడ ఆలోచించదగినది. లూకా 19:8లో అతని మాటలలోని క్రియలు గ్రీకులో వర్తమాన కాలములో ఉన్నాయి. అతడు ఇకమీదట చేయబోవునది చెప్పుచున్నాడని సంప్రదాయ వ్యాఖ్యానము. అతడు తన అలవాటును చెప్పుకొని నిందను త్రోసిపుచ్చుకొనుచున్నాడని ఫిట్జ్‌మయర్ వంటి పండితులు వాదించారు. రెండవ అర్థమే సరియైతే జక్కయ్య కూడా ఒక నివేదికయే చదివాడనవలెను. మేము సంప్రదాయ పక్షమునే నిలుస్తాము; వచ్చినది రక్షణ అని యేసు ఆ దినమును నొక్కి చెప్పుటయే మాకు ఆధారము. ఏ పక్షము తీసుకొన్నను, ఒక సంగతి మారదు. అతడు ఆ మాట అన్నది సణుగుకొనుచున్న జనుల యెదుట. నాలుగంతలు ఎవరికి రావలెనో వారు వినగలిగిన చోట నిలువబడి అన్నాడు. విన్నవాడు మరునాడు అతని తలుపు తట్టవచ్చును.

లూకా 16:2లో గృహనిర్వాహకుని లెక్క అప్పగించుమన్నప్పుడు వాడబడిన గ్రీకు పదము లోగోస్. లెక్క అనగా అంకెల వరుస మాత్రమే కాదు, నోటితో చెప్పవలసిన మాట కూడా. ఎదుటివాడు మారు ప్రశ్న వేయగలడు. స్టాకు ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో ఉంచిన ఫైలును వెంకటాపురమువాడు ఏ ప్రశ్న వేయగలడు?

ఇది కంపెనీల మీద పెట్టరాని భారమని కొందరు సహోదరులు అన్నారు. వ్యాపారికి చట్టము చాలును, పాస్టరుకు వాక్యము చాలును అని వారి భావము. దక్షిణాఫ్రికాలో చట్టము వర్ణవివక్షయేనని వారికి జ్ఞాపకము చేశాము. మరికొందరు, విదేశీ విరాళములు తగ్గిపోయిన ఈ కాలములో సి.ఎస్.ఆర్. సొమ్మునైనా మన ఆసుపత్రులకు, హాస్టళ్ళకు తెచ్చుకొనక ఇట్లు విమర్శిస్తే ఎట్లు అన్నారు. ఇది నిజాయితీగల ప్రశ్న. తీసుకొనవద్దని మేము చెప్పలేము, ఆ ప్లాంటు నీళ్ళు మేమును త్రాగుచున్నాము. తీసుకొనేటప్పుడు ఫోటోకు నిలబడే ముందు షెడ్లలోని మన సభ్యులను అడిగామా అన్నదే మా ప్రశ్న. మేము అడగలేదు.

మన నివేదికలు

ఈ విమర్శ వ్రాయుచుండగా మా బీరువాలోని పాత ఫైళ్ళు గుర్తుకు వచ్చాయి. మిషను సొసైటీకి మేము ఇరువదియేళ్ళుగా పంపిన నివేదికలు: బాప్తిస్మములు ఎన్ని, దుప్పట్లు ఎన్ని, కుట్టుమిషన్లు ఎన్ని, ప్రతి కుట్టుమిషను ప్రక్కన ఒక విధవరాలి ఫోటో. ఆ స్త్రీలలో ఒక్కరికైనా ఆ నివేదికను చదివి వినిపించలేదు. వారిని గూర్చి వ్రాశాము, వారికి వ్రాయలేదు. కంపెనీ మా ఫోటోతో చేసినది, మేము వారి ఫోటోలతో ఎప్పటినుండో చేయుచున్నాము.

నిరుడు సంఘ వార్షిక సభకు ముందు కమిటీలో ఒక మాట పెట్టాము. లెక్కల చివర ‘మనము ఎవరికి బాకీ’ అని ఒక పేజీ చేర్చవలెనన్నాము. కోశాధికారికి అది నచ్చలేదు. బయటివారు చూస్తే సంఘమునకు అవమానమన్నాడు. రెండు గంటల వాదన తరువాత ఒప్పుకొన్నారు. పేజీలో నాలుగు పద్దులు తేలాయి. వాటిలో పెద్దది సంఘ పాఠశాల ఆయమ్మకు మూడు నెలల జీతము. కార్యదర్శి దానిని గట్టిగా చదివినప్పుడు ఆమె వెనుక వరుసలో చాప మీద కూర్చొని ఉన్నది. చదువుట ముగిసిన తరువాత ఆమె లేచి, “మూడు కాదండి, నాలుగు” అన్నది. రిజిస్టరు తెప్పించి చూశాము. నాలుగే.